విందు సంగతి పక్కన పెట్టండి, మెంటార్‌గా మాత్రం వెళ్ళండి

మీరు అడిగినవి ముఖ్యంగా మూడు సంగతులు. అమెరికాలో మీరు పనిచేసే టెలికాం కంపెనీ ఒక డైవర్సిటీ ఫౌండేషన్ (మహిళల్నీ మైనారిటీ వర్గాల వాళ్ళనీ పరిశ్రమలోకి తెచ్చే సంస్థ) వార్షిక విందుకి డబ్బు కట్టి టేబుల్ కొంటోంది. మిమ్మల్ని అదే ఫౌండేషన్‌కి మెంటార్‌గా పేరివ్వమన్నారు. ఈ సంస్థల వల్ల నిజంగా ఎవరికైనా ఉద్యోగం వస్తుందా, లేక ఫొటోల వరకేనా అన్నది మీ మొదటి సందేహం. దేశమంతా డైవర్సిటీ కార్యక్రమాలు మూసేస్తుంటే ఇప్పుడు చేరడం దండగ కాదా అన్నది రెండోది. మనలాంటి ఇండియన్ ఇంజనీర్లకి ఇందులో ఏం పని అన్నది మూడోది.

నేను ఇక్కడ టెలికాంలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. మొదట నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో నైట్ షిఫ్టులు, ఆ తర్వాత ఫైబర్ ప్లానింగ్. పదకొండేళ్ళుగా ఇలాంటి ఒక ఫౌండేషన్‌కి ఇంటర్న్‌షిప్ అప్లికేషన్లు చదివిపెడుతున్నాను, ఏటా ఒకరిద్దరికి మెంటార్‌గా ఉంటున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. వెళ్ళండి. కాకపోతే ఆ సంస్థని కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు విన్నాకే వెళ్ళండి.

ముందు, ఈ ఫౌండేషన్లు అసలు ఎందుకు పుట్టాయో తెలిస్తే మీ సందేహాల్లో సగం తీరిపోతాయి. ఫోన్ వచ్చిన తొలి రోజుల్లో స్విచ్‌బోర్డుల దగ్గర మగపిల్లల్ని పెట్టేవాళ్ళు. వాళ్ళు కస్టమర్లతో దురుసుగా మాట్లాడుతున్నారని 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని ఆపరేటర్‌గా తీసుకున్నారు. ఆడవాళ్ళు ఓపిగ్గా మాట్లాడతారు, తక్కువ జీతానికి చేస్తారు. అంతే, ఆపరేటర్ ఉద్యోగం ఆడవాళ్ళదైపోయింది. స్తంభాలెక్కే పని, స్విచ్‌లు బాగుచేసే పని, మంచి జీతమొచ్చే పనులన్నీ మగవాళ్ళవి. నల్లజాతి వాళ్ళకైతే చాలా దశాబ్దాల పాటు ఆ స్విచ్‌బోర్డు కుర్చీ కూడా దక్కలేదు. ఈ గీతలు ఎవరో ఒక మేనేజర్ చెడ్డవాడు కాబట్టి పడినవి కావు. పరిశ్రమ కట్టుకున్న పద్ధతే అది.

లొరీనా వీక్స్ కథ మీరు వినే ఉంటారనుకోను. జార్జియాలో సదరన్ బెల్ కంపెనీలో క్లర్క్. 1966లో స్విచ్‌మన్ ఉద్యోగానికి అప్లై చేశారు. జీతం ఎక్కువ, ఆవిడకి సర్వీసు కూడా ఎక్కువే. కంపెనీ కాదంది. ఆడవాళ్ళు 30 పౌన్లకి మించి బరువెత్తే పని చెయ్యకూడదని అప్పట్లో ఆ రాష్ట్రంలో ఒక నిబంధన ఉండేది. అదే కారణంగా చూపించారు. విచిత్రమేమిటంటే, ఆవిడ ఆఫీసులో తనంతట తాను ఎత్తి బల్ల మీద పెట్టుకోవాల్సిన టైప్‌రైటర్ 30 పౌన్ల కంటే ఎక్కువే ఉండేది. ఆవిడ కోర్టుకెళ్ళారు, కింది కోర్టులో ఓడిపోయారు, 1969లో అప్పీల్ కోర్టులో గెలిచారు. ఆ తర్వాత కూడా పట్టు వదలకుండా పోరాడితే 1971లో ఆ ఉద్యోగమూ వచ్చింది, సుమారు 31 వేల డాలర్ల బకాయి జీతమూ వచ్చింది. ఒక్క మనిషికి ఒక్క ఉద్యోగం దొరకడానికి ఐదేళ్ళు పట్టింది.

ఆ పోరాటం సాగుతుండగానే మొదలైంది అసలు దెబ్బ. 1970 చివర్లో ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ లాంగ్ డిస్టెన్స్ రేట్లు పెంచుకుంటామని టెలికాం, ప్రసార రంగాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీని అడిగింది. ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదుల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ అక్కడికే వెళ్ళి అడ్డం పడింది. వివక్ష చూపే కంపెనీకి రేట్లు పెంచుకునే అనుమతి ఇవ్వొద్దని వాదించింది. అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద ప్రైవేట్ యజమాని ఏటీ అండ్ టీయే. 1973 జనవరిలో రాజీ కుదిరింది. దాదాపు 13 వేల మంది మహిళలకి, 2 వేల మంది మైనారిటీ పురుషులకి కలిపి 15 మిలియన్ డాలర్ల బకాయి జీతం కట్టారు. జీతాల పెంపు దానికి అదనం. మగవాళ్ళని ఆపరేటర్లుగా, ఆడవాళ్ళని స్తంభాలెక్కే పనుల్లోకి తీసుకోవాలని కూడా ఆ ఒప్పందంలో ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తలుపులు తెరిచింది చట్టం. తెరిచిన తలుపు దాకా మనుషుల్ని తీసుకొచ్చే పని చట్టం వల్ల కాలేదు. ఆ ఖాళీలో పుట్టినవే ఈ ఫౌండేషన్లు.

1980ల్లో కేబుల్ టీవీ ఊళ్ళ మీద ఊళ్ళకి పాకుతున్న కాలం. లైసెన్సుల కోసం కేబుల్ కంపెనీలు ఒక్కో సిటీ కౌన్సిల్ ముందు నిలబడేవి. మా ఊరి వాళ్ళకి మీ దగ్గర ఉద్యోగాలేవి అని అక్కడ అడిగేవాళ్ళు. 1984 కేబుల్ చట్టంలో సమాన ఉద్యోగావకాశాల గురించి ఒక సెక్షనే పెట్టారు. ఆ పదేళ్ళలోనే కాలిఫోర్నియా కేబుల్ సంఘాన్ని నడిపిన వాల్టర్ కైట్జ్ పేరు మీద ఒక ఫౌండేషన్ మొదలైంది. మైనారిటీ వర్గాల వాళ్ళని కేబుల్ కంపెనీల్లో మేనేజర్ స్థాయి ఉద్యోగాల్లోకి ఫెలోషిప్ ద్వారా తేవడం దాని తొలి పని. 1989లో ఎమ్మా బోవెన్ ఫౌండేషన్ వచ్చింది. న్యూయార్క్‌లో టీవీ చానెళ్ళ తీరు మీద పోరాడిన ఆవిడ పేరు అది. 1993లో శాటిలైట్ పరిశ్రమ టీ. హోవర్డ్ ఫౌండేషన్‌ని పెట్టింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ టేలర్ హోవర్డ్ పేరు మీద పెట్టారు. 1976లో తన ఇంటి పెరట్లో డిష్ కట్టుకుని శాటిలైట్ నుంచి నేరుగా టీవీ చూసిన మనిషి ఆయన. వీటితో పాటు మహిళలకి డబ్ల్యూఐసీటీ, ఇతర మైనారిటీ వర్గాలకి ఎన్ఏఎంఐసీ అనే సభ్యత్వ సంఘాలు అప్పటికే ఉన్నాయి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఉద్యోగాలు వస్తాయా? కొన్ని పద్ధతుల్లో వస్తాయి, కొన్నింట్లో రావు.

వచ్చే పద్ధతికి ఎమ్మా బోవెన్ వాళ్ళు మొదట పెట్టుకున్న నమూనా మంచి ఉదాహరణ. ఒక విద్యార్థి కాలేజీలో చేరేముందు వేసవి నుంచి డిగ్రీ అయ్యేదాకా ప్రతి వేసవీ అదే కంపెనీలో పనిచేస్తాడు, జీతం వస్తుంది, ఫీజుకి కొంత సాయం కూడా అందుతుంది. నాలుగు వేసవులు ఒకే చోట పనిచేసిన పిల్లవాడిని ఆ కంపెనీ వదులుకోదు. అప్పటికి అతను మనవాడైపోతాడు. ఎవరికి ఏ సిస్టమ్ తెలుసో, ఏ సూపర్‌వైజర్‌కి కోపమెక్కువో, అన్నీ తెలిసినవాడు. కొత్తవాణ్ణి వెతుక్కోవడం కంటే అతనికి ఆఫర్ ఇవ్వడమే తేలిక.

రాని పద్ధతి ఏదంటే, పది వారాల ఇంటర్న్‌షిప్ ఇచ్చి, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయడం. ఆ తర్వాత ఎవరూ ఫోన్ చెయ్యరు. స్కాలర్‌షిప్ చెక్కు ఇచ్చి ఊరుకునేవి కూడా అంతే. డబ్బు ఉపయోగపడుతుంది, కాదనను, కానీ అది మనిషిని పరిశ్రమలోకి తీసుకురాదు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. నేను అప్లికేషన్లు చదివే మొదటి ఏళ్ళలో వచ్చింది. కమ్యూనిటీ కాలేజీలో రెండో ఏడు, మార్కులు మామూలు, రెజ్యూమెలో ఒక సూపర్‌మార్కెట్‌లో క్యాషియర్ ఉద్యోగం తప్ప ఇంకేం లేదు. వ్యాసంలో మాత్రం ఒక పేరా ఉంది. వాళ్ళ అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో వానొస్తే ఇంటర్నెట్ పోయేదట. కేబుల్ కంపెనీ మనిషి మూడుసార్లు వచ్చి మోడెమ్ మార్చి వెళ్ళాడట. ఆ అమ్మాయి బయట గోడ మీద ఉన్న పెట్టె దగ్గర కనెక్టర్‌లోకి నీళ్ళు దిగుతున్నాయని కనిపెట్టి, ఫొటో తీసి, నాలుగోసారి వచ్చిన టెక్నీషియన్‌కి చూపించిందట. ఆ ఒక్క పేరా చదివి నేను ఆ అప్లికేషన్‌ని పక్కన తీసి పెట్టుకున్నాను. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ అయినా ఆ రెజ్యూమెని మొదటి నిమిషంలోనే తీసేస్తుంది.

ఆ అమ్మాయి మా కంపెనీకి ఇంటర్న్‌గా వచ్చింది. మొదటి మూడు వారాలు ఆమెకి ఎవరూ పని చెప్పలేదు. ఎక్సెల్ షీట్‌లో పాత పరికరాల సీరియల్ నంబర్లు సరిచూడమన్నారు. ఇంటర్న్‌లకి జరిగే అన్యాయాల్లో ఇది అన్నిటికంటే మామూలుది, అన్నిటికంటే నష్టం చేసేది కూడా. పేరుకి ఇంటర్న్‌షిప్, నేర్చుకున్నది సున్నా. నేను ఫైబర్ తీగలు అతికే మా స్ప్లైసింగ్ టీమ్ లీడ్‌ని అడిగి ఆమెని వ్యాన్‌లో పంపించాను.

ఫైబర్ అతకడం మీరు చూశారో లేదో. వెంట్రుక మందం గాజుతీగ. పైపూత వలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో కొన నిటారుగా తెంపి, రెండు కొనల్ని మెషిన్‌లో ఎదురెదురుగా పెడతారు. స్క్రీన్ మీద రెండు కొనలు పెద్దగా కనిపిస్తాయి, చిన్న మెరుపు, అతుక్కుంటాయి. పక్కన ఎంత సిగ్నల్ పోయిందో అంకె వస్తుంది. మొదటిరోజు ఆమెకి 0.3 డెసిబెల్ దాకా వచ్చింది. అది పనికిరాదు, తెంపి మళ్ళీ చెయ్యాలి. చేతులు వణికాయని, తుడవడంలో తొందరపడ్డానని తనే చెప్పింది. మూడో రోజుకి 0.02 వస్తోంది. ఆ సాయంత్రం నాకు ఆ స్క్రీన్ ఫొటో పంపింది, కింద ఒక్క మాట కూడా రాయలేదు.

అదే వేసవిలో ఇంకొకటి జరిగింది. మనిషిని స్తంభం ఎత్తుకి లేపే బకెట్ ట్రక్ ఎక్కడానికి ఆమెకి ఇచ్చిన సేఫ్టీ హార్నెస్ పెద్ద సైజు. ఛాతీ పట్టీ బిగిస్తే తొడ పట్టీలు వదులు, తొడ పట్టీలు బిగిస్తే భుజం మీంచి జారిపోతోంది. స్టోర్‌లో చిన్న సైజు లేదు. ఎందుకంటే అప్పటిదాకా ఎవరూ అడగలేదు. టీమ్ లీడ్ ఆమెని కింద నిలబెట్టి, సరైన హార్నెస్ వచ్చేదాకా పైకి పంపనన్నాడు. సరైన మాటే. కానీ అది రావడానికి రెండు వారాలు పట్టింది, పది వారాల్లో రెండు వారాలు పోయాయి. నిర్మాణ పనుల్లో రక్షణ పరికరాలు మనిషికి సరిగ్గా సరిపోవాలని కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టిన నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. అన్నేళ్ళు పట్టింది ఆ ఒక్క వాక్యానికి. ఫౌండేషన్ వాళ్ళకి నేను ఈ సంగతి రాస్తే, మరుసటి ఏడు నుంచి ఇంటర్న్ వచ్చే ముందే సైజులు కనుక్కుని కంపెనీలకి పంపడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఒక ఫౌండేషన్ చేసిన గొప్ప పని అది. దాని గురించి ఏ విందులోనూ ఎవరూ మాట్లాడలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు స్ప్లైసింగ్‌లో లేదు. నెట్‌వర్క్ డిజైన్‌లో సీనియర్‌గా ఉంది.

విందు గురించి కూడా చెప్పాలి, మీ కంపెనీ టేబుల్ కొంటోంది కాబట్టి. టేబుల్స్ అమ్మడం ఈ సంస్థలకి ప్రధాన ఆదాయం. అందులో తప్పు లేదు, ఇంటర్న్‌ల శిక్షణకి డబ్బు ఎక్కడి నుంచో రావాలి. ఇబ్బంది ఎక్కడంటే, టేబుల్ కొనేవాళ్ళలో చాలామంది ఎఫ్‌సీసీ నియంత్రణలో ఉన్న కంపెనీలే. 2014లో కైట్జ్ ఫౌండేషన్ తన విందులో ఎఫ్‌సీసీ కమిషనర్ మిన్యోన్ క్లైబర్న్‌ని సత్కరించింది. అదే సమయంలో కామ్‌కాస్ట్, టైమ్ వార్నర్ కేబుల్ విలీనం ఎఫ్‌సీసీ ముందు పెండింగ్‌లో ఉంది. ఆ విందుకి కామ్‌కాస్ట్ 1,10,000 డాలర్ల స్పాన్సర్ అని బయటపడేసరికి చాలా విమర్శలొచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్నదే ఇచ్చామని కంపెనీ చెప్పింది. కావచ్చు. అయినా అలాంటి సత్కారం పెట్టుకోకుండా ఉండాల్సింది. ఇంటర్న్‌ల పేరు చెప్పి పోగుచేసిన డబ్బు మీద అలాంటి అనుమానం పడితే చివరికి నష్టపోయేది ఆ పిల్లలే.

కాబట్టి మీ పేరిచ్చే ముందు ఫారం 990 చూడండి. 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న ఇలాంటి సంస్థలు ఏటా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి సమాచారం ఇవ్వాలి. కొంచెం పెద్ద సంస్థలైతే పూర్తి 990 వేస్తాయి. అది ఎవరైనా చూడొచ్చు. ఐఆర్‌ఎస్ సైట్‌లో సంస్థ పేరు కొడితే వస్తుంది. ఖర్చుల పేజీలో మూడు కాలమ్స్ ఉంటాయి: కార్యక్రమాలకి ఎంత, నిర్వహణకి ఎంత, విరాళాల సేకరణకి ఎంత. ఒక్క ఏడు చూసి తీర్పు చెప్పొద్దు, వరసగా మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకోండి. విందు ఖర్చు పోగా ఎంత మిగిలిందో, పెద్దల జీతాలెంతో కూడా అందులోనే ఉంటుంది. సొంత డబ్బుతో టికెట్ కొంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: భోజనం విలువ తీసేసిన తర్వాత మిగిలిందే విరాళం కింద పన్నులో చూపించుకోవచ్చు.

కాగితాల్లో కనపడనిది ఒకటి ఉంది, అది నేరుగా అడగాలి. మీ దగ్గర్నుంచి వచ్చినవాళ్ళలో మూడేళ్ళ తర్వాత ఇంకా పరిశ్రమలో ఎంతమంది ఉన్నారు? ఎంతమందికి ఇంటర్న్‌షిప్ ఇచ్చారన్నది అందరూ చెబుతారు. ఈ ప్రశ్నకి లెక్క తీసి చూపించే సంస్థ అయితే కళ్ళు మూసుకుని చేరండి. లెక్క లేదు, ఇప్పుడు మొదలుపెడతాం అన్నా చేరండి, ఆ లెక్క మొదలుపెట్టే పని మీరే తీసుకోండి. మాట మార్చి పోయినేటి విందుకి ఎవరెవరు వచ్చారో చెప్పడం మొదలుపెడితే ఇంకో సంస్థని చూసుకోండి. వాళ్ళు పంపే ఇంటర్న్‌లలో ఎంతమంది మార్కెటింగ్, హెచ్ఆర్ వైపు వెళ్తున్నారు, ఎంతమంది నెట్‌వర్క్, ఫీల్డ్ వైపు వెళ్తున్నారు అని కూడా అడగండి. డైవర్సిటీ అంటే ఆఫీసు గదుల్లోనే చూసుకుని ట్రక్కులు, కేబుల్ సిగ్నల్ బయల్దేరే హెడ్‌ఎండ్‌లు, టవర్ల సంగతి వదిలేసే సంస్థలు చాలా ఉన్నాయి.

రెండో ప్రశ్న, ఇప్పుడు చేరడం దండగా అని. భయం అర్థమైంది, అది ఊరికే వచ్చినదేం కాదు. 2023లో కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అది ఉద్యోగాల గురించి కాదు, కానీ లాయర్లంతా జాగ్రత్త పడ్డారు. 2024లో ఫియర్‌లెస్ ఫండ్ అనే సంస్థ నల్లజాతి మహిళలకి మాత్రమే ఇచ్చే గ్రాంట్‌ని అప్పీల్ కోర్టు ఆపింది. చివరికి రాజీలో ఆ గ్రాంట్ కార్యక్రమమే మూతపడింది. ఫౌండేషన్లకి నేరుగా తగిలిన దెబ్బ అది. 2025లో ఎఫ్‌సీసీ అధ్యక్షుడు బ్రెండన్ కార్ డైవర్సిటీ కార్యక్రమాల మీద కామ్‌కాస్ట్‌పై విచారణ మొదలుపెట్టారు. ఫ్రాంటియర్ కంపెనీ కొనుగోలుకి అనుమతి రాబోయే ముందు వెరైజన్, అలాగే యూఎస్ సెల్యులార్ కంపెనీ కొనుగోలు పెండింగ్‌లో ఉండగా టీ-మొబైల్, తమ డైవర్సిటీ కార్యక్రమాలు ఆపేస్తున్నామని ఎఫ్‌సీసీకి రాసిచ్చాయి. చరిత్రలో ఎంత తిరుగుడో చూడండి: 1970లో కంపెనీలని మార్చడానికి ఎఫ్‌సీసీ అనుమతినే పట్టుకున్నారు, 2025లో ఆ మార్పు ఆపించడానికీ అదే అనుమతిని పట్టుకున్నారు.

అయితే ఇది మొదటి ఎదురుగాలి కాదు. బ్రాడ్‌కాస్టర్లకి ఎఫ్‌సీసీ పెట్టిన సమాన ఉద్యోగావకాశాల నిబంధనల్ని 1998లోనే అప్పీల్ కోర్టు కొట్టేసింది, వాటిని మార్చి రాస్తే 2001లో వాటినీ కొట్టేసింది. 2002లో ఎఫ్‌సీసీ కొత్తవి రాసింది. ఎవరిని తీసుకోవాలో వాటిలో లేదు. ఖాళీల సంగతి అందరికీ తెలిసేలా ప్రకటించండి, ఇంటర్న్‌షిప్‌లు పెట్టండి, మెంటార్లని పెట్టండి, జాబ్ ఫెయిర్లకి వెళ్ళండి అని మాత్రమే ఉంది. నిలబడ్డ దారి అదే. ఉద్యోగం ఉందని తెలియనివాడికి తెలిసేలా చెయ్యడం, తలుపు దాకా తీసుకురావడం. ఎంపిక మాత్రం అందరితో సమానంగానే.

నేను అప్లికేషన్లు చదివే ఫౌండేషన్‌లో కూడా అర్హత ఇప్పుడు అందరికీ తెరిచారు. కుటుంబంలో కాలేజీకి వెళ్తున్న మొదటి తరమా, కమ్యూనిటీ కాలేజీయా, పనిచేస్తూ చదువుకుంటున్నారా అని చూస్తున్నాం. మొదట్లో నాకు బాధేసింది. వివక్ష ఎవరి మీద జరిగిందో ఆ పేరు ఎత్తకుండా దాన్ని సరిచెయ్యడం కష్టం, ఆ అభిప్రాయం నాకు ఇప్పటికీ ఉంది. కానీ కార్యక్రమం మూసేసుకోవడం కంటే తెరిచి ఉంచడం మేలు. అప్లికేషన్లు వెతకడానికి ఏ కాలేజీలకి వెళ్తామన్నది ఇంకా మన చేతుల్లోనే ఉంది. మీ కంపెనీలో దీని మీద కొత్త రూల్స్ వచ్చి ఉంటే, కంపెనీ పేరు మీద కాకుండా మీ సొంత సమయంలో మెంటార్‌గా ఉండొచ్చా అని హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచిపెట్టుకోండి. స్పాన్సర్లు తగ్గిన ఈ రోజుల్లో వీళ్ళకి మీ రెండు గంటల అవసరం ఇంతకు ముందుకంటే ఎక్కువ.

మూడోది, మన సంగతి. ఇంజనీరింగ్ ఫ్లోర్‌లో మనవాళ్ళు కనిపిస్తారు, నిజమే. అందుకే మనకేం అవసరం అనిపిస్తుంది. కానీ ఫీల్డ్ టీమ్‌లలో, పైస్థాయి గదుల్లో చూడండి, ఎంత పలచబడతామో తెలుస్తుంది. అది ఒకటైతే, నాకు అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి. మనకి ఇక్కడ ఉద్యోగం ఎలా వచ్చింది? సీనియర్ ఒకరు రెజ్యూమె దిద్దారు, రూమ్మేట్ రిఫరల్ ఇచ్చాడు, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో ఎవరో ముందు రోజు రాత్రి ఫోన్‌లో చెప్పారు. మనకి ఆ వల ఉంది. ఆ కనెక్టర్ పేరా రాసిన అమ్మాయికి అలాంటి ఫోన్ నంబర్ ఒక్కటి కూడా లేదు. మెంటార్ చేసే పనల్లా ఆ ఒక్క నంబర్ అవ్వడమే. దీనికి ఏ వర్గం వాళ్ళమన్న లెక్క అక్కర్లేదు.

స్టూడెంట్ వీసా మీద ఉన్న మీ తమ్ముడికి ఇందులో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా అని చివర్లో అడిగారు. పనిచేసే అనుమతి లేకుండా జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చెయ్యకూడదు, కాబట్టి ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) సంగతి కనుక్కోమనండి. ఇలాంటి కార్యక్రమాల్లో చాలావాటికి సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డ్ గానీ అడుగుతారు. అప్లై చేసే ముందే అర్హతల పేజీ చదవమనండి, లేకపోతే అనవసరంగా టెన్షన్.

మెంటార్‌గా ఒప్పుకుంటే నా అనుభవంలోంచి రెండు మాటలు. వాళ్ళు పంపే మెంటార్ గైడ్ కంటే ముందు ఆ విద్యార్థి వ్యాసం చదవండి, మొదటి కాల్‌లో అందులోంచే ఒక ప్రశ్న అడగండి. రెండోది, ఇంటర్న్‌షిప్ రెండో వారంలో ఇవాళ నీ చేత్తో ఏం పని చేశావ్ అని అడగండి. జవాబు ఎక్సెల్ షీట్ అయితే ఆ సాయంత్రమే వాళ్ళ సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యండి. మూడో వారం దాకా ఆగొద్దు.